పాకో దె లూసియా ‘అరాన్‌హ్వెస్’ ఆల్బమ్: అది క్లాసికలా, ఫ్లమెంకోనా? దాన్నుంచి నేర్చుకోవచ్చా?

మీరు అడిగినవాటిని ముందు ఒకచోట పెడతాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. మీరు కొన్నేళ్లుగా క్లాసికల్ గిటార్ నేర్చుకుంటున్నారు, గ్రేడ్ పరీక్షలు ఇస్తున్నారు. స్పెయిన్ ఫ్లమెంకో గిటారిస్టు పాకో దె లూసియా వాయించిన ‘కొన్‌సియెర్తో దె అరాన్‌హ్వెస్’ ఆల్బమ్ విని పడిపోయారు. (ఫ్లమెంకో అంటే దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియాలో పుట్టిన పాట, నాట్యం, గిటార్ కలిసిన సంప్రదాయం. ఆల్బమ్‌లో పెద్ద రచన, స్పానిష్ స్వరకర్త రొద్రీగో గిటార్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కన్సర్టో.) మీ మాస్టారికి వినిపిస్తే “అది ఫ్లమెంకో వాడి వాయింపు, టోన్ లేదు, దాన్ని చూసి నేర్చుకోకు” అన్నారు. ఇప్పుడు మీ సందేహం: అది క్లాసికలా, ఫ్లమెంకోనా, రెండూ కలిపిందా? దాన్నుంచి నేర్చుకోవచ్చా? దానికోసం వేరే ఫ్లమెంకో గిటార్ కొనాలా?

గిటార్ కొనక్కర్లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే సమాధానం సగం చదివి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసేవాళ్లని చాలామందిని చూశాను. మిగతా రెండింటికీ కాస్త తీరిగ్గా చెప్పాలి.

టోన్ గురించి మీ మాస్టారు చెప్పిన మాటలో నిజం ఉంది. కానీ ఆ ఆల్బమ్‌ని పాకో టోన్ కోసం చేయలేదు. గుండ్రటి, నిండైన క్లాసికల్ నాదం కోసం చూడకుండా లయ కచ్చితంగా ఉండటానికే ఎక్కువ విలువ ఇచ్చానని ఆయనే తన మీద తీసిన డాక్యుమెంటరీలో చెప్పుకున్నాడు. నా లెక్కలో ఈ ఆల్బమ్‌లో ఫ్లమెంకో ఉన్నది సరిగ్గా అక్కడే. స్వరాలు రొద్రీగోవి, వాటి నడక పాకోది. ‘రెండు సంగీతాల మేళవింపు’ అనగానే మనం అక్కడక్కడా నాలుగు ఫ్లమెంకో సంగతులు అతికించి ఉంటారని ఊహించుకుంటాం. ఈ కన్సర్టోలో అలాంటి అతుకులు వెతికితే మీకు దాదాపు ఏమీ దొరకవు.

రచన సంగతి ముందు. వాకీన్ రొద్రీగో 1901లో సగుంతోలో పుట్టాడు. మూడేళ్ల వయసులో డిఫ్తీరియా వచ్చి చూపు పోయింది. సంగీతాన్ని బ్రెయిలీలో రాసుకునేవాడు, తర్వాత మామూలు నోటేషన్‌లోకి ఎక్కించేవాళ్లు. ఆయన పియానో మనిషి, గిటార్ వాయించేవాడు కాదు. ఈ కన్సర్టోని 1939లో పారిస్‌లో రాశాడు. 1940 నవంబర్ 9న బార్సిలోనాలో రెహీనో సైన్స్ దె లా మాసా మొదటిసారి వాయించాడు. అరాన్‌హ్వెస్ అంటే మాద్రిద్‌కి దక్షిణాన రాజుల ప్యాలెస్, తోటలు ఉన్న ఊరు. గమనించండి, ఫ్లమెంకో పుట్టిన అందలూసియాకి ఆ ఊరితో సంబంధం లేదు. రొద్రీగో మనసులో ఉన్నది 18వ శతాబ్దం నాటి రాజాస్థానం, ఆ కాలపు నాట్యాలు. కాబట్టి ‘ఇది స్పానిష్ కాబట్టి ఇదీ ఫ్లమెంకోనే’ అనుకోవడం సరికాదు. స్పెయిన్‌లో గిటార్ మీద వినిపించే ప్రతిదీ ఫ్లమెంకో అయితే మన దగ్గర వీణ మీద వినిపించే ప్రతిదీ త్యాగరాజ కీర్తనే అనాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, గిటార్ గొంతు చిన్నది. ఆర్కెస్ట్రాతో పోటీ పడలేదు. రొద్రీగోకి ఇది బాగా తెలుసు. అందుకే ఆర్కెస్ట్రాని పొదుపుగా వాడాడు. గిటార్ మాట్లాడుతున్నప్పుడు మిగతావాళ్లు పక్కకి తప్పుకుంటారు, లేదా సన్నగా తోడు ఉంటారు. మొత్తం ఆర్కెస్ట్రా గట్టిగా వాయించే చోట్ల గిటార్ దాదాపు ఊరుకుంటుంది. స్కోరు దొరికితే వినేటప్పుడు పక్కన పెట్టుకుని చూడండి, ఈ ఏర్పాటు కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది.

ఇక పాకో. అసలు పేరు ఫ్రాన్సిస్కో సాంచెస్ గోమెస్. 1947లో అల్హెసీరాస్ అనే రేవు పట్నంలో పుట్టాడు. తల్లి పేరు లూసియా, ‘లూసియా కొడుకు పాకో’ అని వీధిలో పిలిచే పిలుపే స్టేజి పేరైంది. తండ్రి, అన్నలు అందరూ ఫ్లమెంకో మనుషులే. చిన్నప్పటి నుంచీ ఇంట్లో, గాయకుల వెనకాల వాయిస్తూ నేర్చుకున్నాడు. కమరోన్ దె లా ఇస్లా లాంటి గాయకుడి పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నాడు. 1980లో గిటారిస్టులు జాన్ మెక్‌లాఫ్లిన్, అల్ డి మియోలాతో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన కచేరీ రికార్డు మన దగ్గర కూడా గిటార్ పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆ మెక్‌లాఫ్లిన్ అంతకుముందే ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో ‘శక్తి’ అనే బృందాన్ని నడిపినవాడు, కాబట్టి మనకీ కాస్త దూరపు చుట్టరికం ఉన్నట్టే.

ఇంత పేరున్న పాకోకి స్టాఫ్ నోటేషన్ చదవడం సరిగా వచ్చేది కాదు. ఫ్లమెంకోలో అది లోటు కాదు, అక్కడ విద్య అంతా చెవిదే. కానీ 20 నిమిషాలు దాటే కన్సర్టో, అదీ కండక్టర్ చేతి కింద, ఆర్కెస్ట్రాతో కలిసి, ఒక్క స్వరం కూడా మార్చకూడదు అంటే వేరే సంగతి. ఫ్లమెంకో గిటారిస్టుకి దారి తప్పినా సర్దుకునే స్వేచ్ఛ ఉంటుంది, ఇక్కడ తప్పితే వెనక ఉన్న అంతమందీ తప్పుతారు. 1991లో మాద్రిద్ దగ్గర తొర్రెలొదోనెస్‌లో జనం ముందు లైవ్‌గా రికార్డు చేశారు. కదకేస్ ఆర్కెస్ట్రా, కండక్టర్ ఎద్మొన్ కొలొమెర్. అప్పటికి 89 ఏళ్ల రొద్రీగో కూడా వచ్చి విన్నాడు. తన రచనని ఇంత మెరుపుగా ఎవరూ వాయించలేదని మెచ్చుకున్నాడు కూడా. రాసినవాడు ఒప్పుకున్నాడు కాబట్టి ఇక మాట్లాడొద్దు అనను, రచయితలు మర్యాదకి చాలానే అంటారు. అయినా ‘ఇది అరాన్‌హ్వెసే కాదు’ అని కొట్టిపారేసేవాళ్లు కనీసం ఈ సంగతి తెలుసుకుని కొట్టిపారేయాలి.

ఇప్పుడు లయ దగ్గరికి వద్దాం. దీన్ని చదివితే రాదు, చేతులతో చేయాలి. ఇలా చప్పట్లు కొట్టండి:

తకిట తకిట తక తక తక

ప్రతి ముక్క మొదటి అక్షరం మీద గట్టిగా కొట్టండి. మొత్తం 12 అక్షరాలు: 3, 3, 2, 2, 2. ఆపకుండా తిప్పుతూ ఉండండి. ముందు మెల్లగా, తర్వాత వేగం పెంచండి. కాసేపటికి మొదటి సగం ఊయలలా ఊగుతున్నట్టూ, రెండో సగం అడుగులు వేస్తున్నట్టూ అనిపించాలి. మీకు కర్ణాటక సంగీతం కొంచెం పరిచయం ఉన్నా ఇది అయిదు నిమిషాల పని.

ఫ్లమెంకోలో ‘కొంపాస్’ అనే 12 దెబ్బల ఆవృత్తానికి ఎముకల గూడు ఇదే. బులేరియా, సొలెయా, సిగిరియా అనేవి ఫ్లమెంకోలో రకాలు. బులేరియాని చాలామంది 12 నుంచి లెక్కపెడతారు: 12, 1, 2, 3, 4, 5, 6, 7, 8, 9, 10, 11. గట్టి దెబ్బలు 12, 3, 6, 8, 10 మీద. పైన మీరు కొట్టింది సరిగ్గా అదే. సొలెయా కూడా ఇదే ఆవృత్తం, కాకపోతే నిదానంగా, లెక్క ఒకటి నుంచి మొదలుపెడతారు. సిగిరియాలో ఇదే చక్రాన్ని మరో చోట నుంచి పట్టుకుంటారు.

ఇప్పుడు కన్సర్టో మొదటి భాగం పెట్టండి. గిటార్ దాదాపు ఒంటరిగా, రస్గెయాదో మీటుతో, అంటే వేళ్లని తీగలన్నిటి మీదుగా బయటికి విసురుతూ, మొదలవుతుంది. మీటర్ 6/8, అంటే ఒక్కో బార్‌కి (ఆవృత్తానికి) 6 అక్షరాలు. కానీ రొద్రీగో ఆ 6 అక్షరాలని ఒకసారి తకిట తకిటగా, ఇంకోసారి తక తక తకగా విరుస్తూ ఉంటాడు. ఒక బార్ ఇలా, ఒక బార్ అలా వచ్చిన చోట రెండు బార్లు కలిపితే మీ చేతిలో ఉన్న 12 అక్షరాలే. కన్సర్టో అంతా ఈ వరసలోనే నడుస్తుందని అనట్లేదు, ఇది బులేరియా అని అసలే అనట్లేదు. ఈ 6/8, 3/4 ఆట స్పెయిన్ పాత నాట్యాలన్నింటిలో ఉన్నదే, రొద్రీగో అక్కడి నుంచి తీసుకున్నాడు. కానీ చిన్నప్పటి నుంచి ఆ 12 దెబ్బలు ఒంట్లో ఇంకిపోయిన మనిషికి ఈ మొదటి పేజీ చూడగానే సొంత ఇంట్లో అడుగు పెట్టినట్టు ఉంటుంది.

క్లాసికల్‌లో పెరిగిన గిటారిస్టు ఈ పేజీకి వచ్చేసరికి ఏం చేస్తాడంటే, ప్రతి ఫ్రేజ్ చివర ఊపిరి తీసుకుంటాడు. తీగ మారడానికి కష్టంగా ఉన్న చోట కాస్త ఆగుతాడు. అందమైన కార్డ్ వస్తే దాన్ని జీడిపాకంలా సాగదీస్తాడు. లయని ఇలా కావాలని సాగదీయడానికి రూబాతో అనే పేరు ఉంది కాబట్టి అది తప్పుగా కూడా అనిపించదు. పాకో దగ్గర ఈ సదుపాయాలేవీ లేవు. నాట్యగత్తె కాళ్ల కింద వాయించినవాడికి దెబ్బ పడాల్సిన చోట పడకపోతే ఆవిడ కింద పడుతుందని తెలుసు. ఆయన వాయింపులో గుర్తుపెట్టుకుని వినాల్సింది రెండు మీటుల మధ్య ఉన్న ఖాళీ. ఆ ఖాళీల్లో కూడా లెక్క నడుస్తూనే ఉంటుంది.

కావాలంటే ఒక పరీక్ష చేయండి. మొదటి రెండు నిమిషాలకి కాలితో తాళం వేస్తూ వినండి. పాకో రికార్డింగ్‌లో మీ కాలు ఎక్కడా తడబడదు. తర్వాత మీకు ఇష్టమైన ఇంకే క్లాసికల్ రికార్డింగ్‌తోనైనా అదే పని చేయండి. కొన్నింటిలో కాలు ఆగి ఎదురు చూడాల్సి వస్తుంది. అలాగని అవి చెడ్డ రికార్డింగులని కాదు. జూలియన్ బ్రీమ్ చేతిలో ఆ ఎదురుచూపులు ఎంత అందంగా ఉంటాయో! కానీ ఆ అందం బ్రీమ్‌కి అబ్బింది, మన క్లాసుల్లో అదే పేరుతో జరిగేది చాలాసార్లు ఒట్టి లయ జారడం.

ఇక స్కేల్ పరుగులు. పాకో చూపుడు వేలు, నడిమి వేలు ఒకదాని తర్వాత ఒకటి వేసి, ప్రతి మీటులో వేలిని పక్క తీగ మీద ఆనించి ఆపుతాడు. దీన్ని పికాదో అంటారు. మీరు క్లాసులో నేర్చుకున్న అపోయాందో, అంటే రెస్ట్ స్ట్రోక్, కూడా అదే పద్ధతి. తేడా వేళ్ల కోణంలో, మీటు ఎంత పొట్టిగా ఉంటుందన్నదానిలో, బ్రిడ్జికి ఎంత దగ్గరగా వాయిస్తారన్నదానిలో ఉంది. బ్రిడ్జి వైపు జరిగితే నాదం పదునెక్కుతుంది, దాంతోపాటు సన్నబడుతుంది. మీ మాస్టారు ‘టోన్ లేదు’ అన్నది దీని గురించే అయి ఉంటుంది.

గిటార్ కూడా ఒక కారణం. సంప్రదాయ ఫ్లమెంకో గిటార్‌కి వెనక, పక్కలు సైప్రస్ చెక్కతో చేస్తారు, క్లాసికల్‌కి ఎక్కువగా రోజ్‌వుడ్. ఫ్లమెంకో గిటార్ తేలిగ్గా ఉంటుంది, తీగలు మెడకి దగ్గరగా ఉంటాయి, మీటగానే ఠక్కున పలికి త్వరగా ఆరిపోతుంది. రోజ్‌వుడ్‌తో చేసిన ఫ్లమెంకో గిటార్లూ ఉన్నాయి, వాటిని ‘నెగ్రా’ అంటారు. పాకో వాయించిన కోందే సోదరుల గిటార్లలో అవీ ఉన్నాయి. తీగ కిందకి ఉండటం వల్ల గట్టిగా మీటితే ఫ్రెట్‌కి తగిలి చిన్న గరగర వస్తుంది. క్లాసికల్ వాళ్లకి అది దోషం, ఫ్లమెంకోలో అది మామూలు, కొందరికి అదే రుచి.

రెండో భాగం, అదాజియో, అందరికీ తెలిసిందే. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1960 ఆల్బమ్‌లో దీన్ని వాయించాడు, ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో, ఎన్ని హోటల్ లాబీల్లో వినిపించిందో లెక్కలేదు. గిటార్ బి మైనర్ కార్డులు నెమ్మదిగా మీటుతుంటే ఇంగ్లిష్ హార్న్ అనే ఊదే వాద్యం పాట అందుకుంటుంది. గిటార్ అదే పాటని గమకాల్లాంటి అల్లికలతో తిరిగి చెబుతుంది. గర్భంలోనే బిడ్డని పోగొట్టుకున్న దుఃఖం ఇందులో ఉందని రొద్రీగో భార్య విక్తోరియా కామి రాసుకుంది.

నిజం చెప్పాలంటే ఈ భాగంలో నాకు పాకో మొదటి ఎంపిక కాడు. ఇక్కడ ఒక్కో స్వరం చాలాసేపు నిలబడి మోగాలి, లోపల రంగు మారుతూ ఉండాలి. ఆ పని క్లాసికల్ గిటారిస్టులు జాన్ విలియమ్స్, బ్రీమ్ ఇంకా బాగా చేశారు. పాకో వాయింపులో మంద్రం పొడిగా ఉంటుంది, కొన్నిచోట్ల గోటి చప్పుడు స్వరం కన్నా ముందు వినిపిస్తుంది. కానీ కదెంత్సా దగ్గర, అంటే గిటార్ ఒక్కటే మిగిలి మెల్లగా మొదలుపెట్టి ఎక్కుతూ ఎక్కుతూ చివరికి రస్గెయాదో జడివానగా మారే చోట, లెక్క మొత్తం తిరగబడుతుంది. చాలామంది అక్కడికి వచ్చేసరికి అలిసిపోయి ఉంటారు, కార్డులు వినిపిస్తాయి కానీ బరువుండదు. పాకో చెయ్యి అప్పుడే వేడెక్కినట్టు ఉంటుంది. ఆ వెంటనే ఆర్కెస్ట్రా మొత్తం ఎఫ్ షార్ప్ మైనర్‌లో పాట అందుకున్నప్పుడు, గిటార్ దాన్ని పిలిచి తెచ్చినట్టే ఉంటుంది.

మూడో భాగం గురించి పెద్దగా చెప్పను. 2/4, 3/4 బార్లు కలగలిపి రాసిన చిన్న ఆస్థాన నాట్యం. గిటార్ కావాలనే వేరే శ్రుతిలో, బి మేజర్‌లో మొదలుపెడుతుంది, ఆర్కెస్ట్రా దాన్ని డి మేజర్‌కి లాక్కొస్తుంది. పాకో చేతిలో చక్కగా ఉంది, ఇతరుల చేతుల్లోనూ చక్కగానే ఉంది.

ఆల్బమ్ రెండో సగం గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. చాలామంది అంతే, కన్సర్టో అయిపోగానే ఆపేస్తారు. మీరు అడిగిన ‘రెండూ కలిపింది’ అన్నదానికి అసలు జవాబు అక్కడుంది. స్పానిష్ స్వరకర్త ఇసాక్ అల్బేనిస్ చివరి రోజుల్లో, 1905 తర్వాత, ‘ఇబేరియా’ పేరుతో పియానో కోసం 12 రచనలు చేశాడు. 1909లో చనిపోయాడు. ఆ పన్నెండులో మూడింటిని పాకో, హువాన్ మనుయెల్ కన్యిసారెస్, హొసె మరియా బందేరా ముగ్గురూ మూడు గిటార్ల మీద వాయించారు: ‘త్రియానా’, ‘ఎల్ అల్బైసీన్’, ‘ఎల్ పుయెర్తో’. మొదటిది సెవీయాలో, రెండోది గ్రనాదాలో పాత పేటలు, మూడోది కాదిస్ దగ్గర రేవు ఊరు. మూడూ అందలూసియావే.

ఇక్కడ తమాషా ఏమిటంటే, అల్బేనిస్ పియానో మీద గిటార్‌ని అనుకరించాడు. మీరు గ్రేడ్లలో చూసే ‘అస్తూరియాస్’ కూడా పియానో కోసం రాసిందే కదా, అయినా గిటార్ కోసమే పుట్టినట్టు ఉంటుంది. ‘ఎల్ అల్బైసీన్’ మొదట్లో పియానో వాద్యకారుడు రెండు చేతుల్నీ ఒకదాని వెంట ఒకటి పొడిపొడిగా వేస్తాడు, అచ్చం గిటార్ మీద వేళ్లు మీటినట్టు. మధ్యలో ఏ హంగూ లేకుండా ఒంటరి పాట వస్తుంది, గాయకుడు గొంతెత్తినట్టు. అంటే ఫ్లమెంకో గిటార్‌ని, గాత్రాన్ని విని ఒకాయన పియానోకి రాశాడు. దాదాపు 80 ఏళ్లకి ఫ్లమెంకో వాళ్లు దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. మూడు గిటార్లు ఉన్నాయి కాబట్టి పియానోలో పది వేళ్లు చేసే పనిని పంచుకోగలిగారు. ఒకరు పాట, ఒకరు మధ్య స్వరాలు, ఒకరు మంద్రం అనుకోకండి, పాట వాళ్ల మధ్య చేతులు మారుతూ ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే కుడి, ఎడమల మధ్య అది ఎలా తిరుగుతుందో తెలుస్తుంది. కన్సర్టోలో పాకో ఇంకొకరి ఇంటికి అతిథిగా వెళ్లి ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయిస్తే, ఇక్కడ ముగ్గురూ చొక్కా గుండీలు విప్పేశారు. నాకైతే ఆల్బమ్‌లో ఇదే మంచి భాగం.

ఈ మూడింటి స్వరస్థానాలు మన చెవికి ఎందుకు అంత దగ్గరగా తోస్తాయో కూడా చెప్పాలి. ఫ్లమెంకోలో ఎక్కువగా వినిపించే స్కేల్‌ని షడ్జం నుంచి చూస్తే శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. స్వరాల వరకు ఇది హనుమతోడి. కానీ ఆగే చోట కార్డ్ మేజర్ కాబట్టి అంతర గాంధారం పలుకుతుంది, అప్పుడు వకుళాభరణం స్వరాలవుతాయి. రెండు గాంధారాలూ పక్కపక్కనే తిరగడం వల్లే ఆ ఘాటు. గిటార్ మీద ఎ మైనర్, జి, ఎఫ్, ఇ అని దిగండి, ఇ మీద ఆగండి, మళ్లీ ఎ మైనర్‌కి వెళ్లిపోకండి. నఠభైరవి స్వరాల్లోనే ఉంటూ పంచమాన్ని ఇల్లు చేసుకున్నట్టు. వెంటనే తేడా వినిపిస్తుంది. అయితే స్వరాలు కలిసినంత మాత్రాన తోడి అయిపోదు, తోడి ప్రాణం గమకంలో ఉంది, ఆ గమకం ఇక్కడ లేదు.

దీని పక్కనే ఇంకో మాట. ‘ఫ్లమెంకో మన దేశం నుంచి వెళ్లిందే’ అనే ఫార్వర్డులు మీకూ వచ్చే ఉంటాయి. రోమాల (జిప్సీల) భాషకీ ఉత్తర భారత భాషలకీ చుట్టరికం ఉందన్నది భాషా శాస్త్రం తేల్చిన సంగతి, ఫ్లమెంకోలో స్పెయిన్ రోమాల పాత్ర చాలా పెద్దదన్నదీ నిజమే. కానీ ఫ్లమెంకో అనే కళ రూపు కట్టింది అందలూసియాలో, 18, 19 శతాబ్దాల్లో, అక్కడి జానపదాలు, అరబ్బుల కాలపు జాడలు, అమెరికా ఖండం నుంచి ఓడల్లో తిరిగొచ్చిన పాటలు అన్నీ కలిసి. దాన్ని మన ఖాతాలో వేసుకోవాల్సిన అవసరం లేదు, మన ఖాతాలో ఉన్నవి చాలు.

ఇంతకీ మీరు చేయాల్సింది. కన్సర్టోని ఇప్పుడే ముట్టుకోకండి. మొదటి పేజీ మీటులు చూడ్డానికి తేలిగ్గా ఉంటాయి, అందుకే అందరూ అక్కడ మొదలుపెట్టి చెయ్యి బిగించుకుంటారు. ముందు రస్గెయాదో వేరేగా నేర్చుకోండి. చిటికెన వేలు, ఉంగరం, నడిమి, చూపుడు వేళ్లు ఒక్కొక్కటీ విడిగా బయటికి విసరాలి, నాలుగూ సమానంగా మోగాలి. తీగలన్నీ ఎడమ చేత్తో తేలిగ్గా మూసి, ఠక్‌ఠక్ శబ్దం మాత్రమే వచ్చేలా చేస్తే ఏ వేలు బలహీనమో తెలిసిపోతుంది. దాదాపు అందరికీ ఉంగరం వేలే. మెట్రోనోమ్‌ని 60కి పెట్టి దెబ్బకి నాలుగు. చెయ్యి నొప్పి పుడితే ఆపేయండి, నొప్పితో చేసే సాధన నొప్పినే నేర్పుతుంది.

తర్వాత పైన చెప్పిన 12 అక్షరాలని ఒకే ఒక్క కార్డ్ మీద మీటండి. కార్డ్ మార్చకండి. విసుగొచ్చేదాకా చేయండి, విసుగొచ్చాక ఇంకాసేపు చేయండి. ఇది కుదిరాక ఫోన్‌లో రికార్డు చేసుకుని, దాని మీద చప్పట్లు కొట్టి చూసుకోండి. దెబ్బలు కలుస్తున్నాయంటే రొద్రీగో మొదటి పేజీకి మీ చెయ్యి సిద్ధమైనట్టే.

స్కేల్స్ మీ మాస్టారు చెప్పినట్టే చేయండి. టోన్ విషయంలో పాకోని అనుకరించకండి, ముఖ్యంగా పరీక్షలు రాస్తున్నప్పుడు. ఆయన నాదం ఆయన గిటార్‌కి, ఆయన గోళ్లకి, చిన్నప్పటి నుంచి గంటల తరబడి వాయించిన ఆ చేతికి సరిపోయింది. మన చేతిలో అది ఒట్టి రేకు చప్పుడవుతుంది. పరీక్షకి కూర్చున్నప్పుడు మీ ముందున్న పరీక్షకుడు కూడా లయ నిలకడకి మార్కులు వేస్తాడు, ఆ ఒక్కటి పాకో దగ్గర తీసుకున్నారని మీ మాస్టారికి తెలిసినా సంతోషిస్తారు.

ఇంకా వినాలనుకుంటే, అదే పాకో 1978లో స్పానిష్ స్వరకర్త మనుయెల్ దె ఫాయా రచనలతో చేసిన ఆల్బమ్ వినండి. ఆర్కెస్ట్రా లేదు, తన బృందంతో చేశాడు. అక్కడ ఫాయాని ఫ్లమెంకో వైపు బాగా లాగాడు, కొన్నిచోట్ల మరీ లాగాడు అనిపిస్తుంది. కానీ అల్బేనిస్ దగ్గరికి ఎలా వచ్చాడో తెలియాలంటే అది వినాలి. విసెంతె అమీగో 1997 ఆల్బమ్ ‘పొయేతా’ మరో దారి: ఫ్లమెంకో గిటారిస్టు సొంత రచన, దానికి క్యూబా దేశపు లియో బ్రౌవర్ ఆర్కెస్ట్రా సమకూర్చాడు. మీరు బ్రౌవర్ చిన్న ఎత్యూద్‌లు (సాధన రచనలు) వాయించే ఉంటారు, ఆయనే. పాకో పక్కన అల్బేనిస్ వాయించిన కన్యిసారెస్ తర్వాత ‘ఇబేరియా’ మొత్తాన్ని గిటార్‌కి మార్చాడు. 2011లో మాద్రిద్‌లో సైమన్ రాటిల్ కండక్ట్ చేసిన బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో ఇదే అరాన్‌హ్వెస్ కన్సర్టో వాయించాడు. నోటేషన్ బాగా వచ్చిన ఫ్లమెంకో మనిషి వాయిస్తే ఎలా ఉంటుందో వినడానికి అది మంచిది. అటు క్లాసికల్ వైపు నుంచి పేపె రొమెరో. ఆ కుటుంబంలో రెండూ చిన్నప్పుడే నేర్పేవారు. మీ మాస్టారితో వాదన పెట్టుకోవాలని ఉంటే పాకో రికార్డింగ్ కాకుండా పేపె రొమెరోది పెట్టండి. టోన్ గురించి ఆయన ఏమీ అనలేరు, లయ మాత్రం కదలదు.

గిటార్ సంగతి ఇంకొక్కటి. ఫ్లమెంకోలో ఉంగరం వేలితో గిటార్ ముందు పలక మీద కొట్టే దెబ్బని గోల్పె అంటారు. దానికోసం గోల్పెయాదోర్ అనే పల్చటి ప్లాస్టిక్ రేకు అతికిస్తారు. మీ క్లాసికల్ గిటార్ మీద అది లేకుండా గోల్పె కొడితే పాలిష్ పోతుంది, కొన్నాళ్లకి చెక్క మీద గుంట పడుతుంది. పారదర్శకంగా ఉండేవి దొరుకుతాయి, కానీ ఫ్రెంచ్ పాలిష్ చేసిన గిటార్ మీద జిగురు అంటిస్తే తీసేటప్పుడు పాలిష్ కూడా ఊడొస్తుంది. కాబట్టి తొందరపడకండి. అరాన్‌హ్వెస్‌కి గోల్పె అక్కర్లేదు. ముందు మీ గిటార్ మోడల్, ముందు పలక సాలిడ్ చెక్కా లేక లామినేటా, 12వ ఫ్రెట్ దగ్గర మందపాటి ఇ తీగ ఫ్రెట్ మీద నుంచి ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తులో ఉందో కొలిచి కింద రాయండి. 4 దాటి ఉంటే శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) కొంచెం అరగదీయించుకోవచ్చు, ఆ మాత్రానికే మీటు చాలా తేలికవుతుంది. అది చూశాక రేకు సంగతి చెబుతాను.